చిప్ప కొలత

ఢిల్లేసు మావ సువా రేవు నుంచి తెచ్చింది
సెంటు కాదు, సెల్లు కాదు.
నాలుగు మడతల సంచిలో బూడిదరంగు పొడి.
విమానం దిగాక మూడుసార్లు వాసన చూశారట.
"మిరియానికి చుట్టం బాబూ, వేరు" అని
మూడుసార్లూ చెప్పాడట.

పదకొండేళ్ళు చేపల ఓడలో ఐసుగదికి కాపలా.
ఒడ్డుకొచ్చిన రాత్రి అక్కడివాళ్ళు
గిన్నె చుట్టూ చాప పరిచి ఇతన్నీ కూచోబెట్టేవారట.
"సారా తాగితే నోరు లేస్తాది గుంటా,
ఇది తాగితే నోరు కూకుంతాది."

కవిటి అవతల మా తోటలో చాపేశాడు.
తిత్లీ తల తుంచిన మోడులు కొన్ని ఇంకా నిలబడే ఉన్నాయి,
తర్వాత నాటిన మొక్కలు నా భుజం దాటాయి.

చేతులు సబ్బుతో కడిగాడు మోచేతుల దాకా,
కాన్పు గదిలోకి వెళ్తున్నట్టు.
ఉడకేసి ఆరేసిన పంచె ముక్కలో పొడి మూటకట్టి
"మరిగించకూడదు, ఇది టీ కాదు.
ఆకు ఒద్దు, కాడ ఒద్దు, తొక్క తీసిన వేరొక్కటే.
మిగతాదంతా వేరే సంగతి"
అని తన మాటకి తనే నవ్వాడు.

నేను ఏఎన్ఎంని. నవ్వలేదు.
"నీళ్ళెక్కడివి మావా?"

ఉద్దానంలో ఏ చుట్టం ఇంటికెళ్ళినా
బాగున్నారా కంటే ముందొచ్చే మాట అది.
"రెండ్రూపాయల బిళ్ళేసి పట్టిన కేను" అన్నాడు,
బావి వైపు చూడకుండా.
మా తాత తవ్విన బావి.
నీళ్ళు ఇప్పటికీ తియ్యగానే ఉంటాయి.
అదే భయం.

మూటని నీళ్ళలో ముంచి పిసికాడు.
మొదట బియ్యం కడుగు,
పిసగ్గా పిసగ్గా వరదనాటి బాహుదా.

వచ్చినవాళ్ళని చాప అంచునే ఆపాడు.
జీడి బట్టీ సూర్నారాయణ నోరు వాసన చూసి
"రేపు రా, ఏమీ తాగకుండా రా" అన్నాడు.
నిద్రబిళ్ళ వేసుకునే ఈశ్వరి పిన్ని అలిగి వెళ్ళింది.
నిరుడు కామెర్లొచ్చిన కుర్రాడికి
చిప్ప చూపించనే లేదు.
ఆటో గున్నయ్య తాళం లాక్కొని రొంటిన దోపుకున్నాడు:
"తెల్లారేదాకా అడక్కు."
ఇన్ని వద్దులు చెప్పి ఎవరైనా
ఇంటికి పిలిచి పోస్తారా?

ముందు ఒక చప్పట. ఒక్క గుక్కలో చిప్పెడు.
తర్వాత మూడు చప్పట్లు.
మన్ను రుచి. కాసేపటికి రుచీ లేదు, నాలుకా లేదు.
సముద్రం ఉన్నచోటే ఉంది, కాస్త నెమ్మదిగా.
రెండో చిప్ప మావే ఇవ్వలేదు.

అప్పుడొచ్చాడు పూర్ణో బెహరా.
మంగళవారం, శుక్రవారం సోంపేటలో మిషను మీద పడుకుంటాడు.
రోజుకి అరలీటరు. కూరలో నీళ్ళూ లెక్కే.
మావకీ అతనికీ చిన్నప్పుడు ఒకటే తెప్ప.

"నాలిక్కి తగిలిస్తే ఏటవుద్ది?"
మావ నావైపు చూశాడు.
నేను తలూపాను, అడ్డంగా.
నా ఉద్యోగంలో చాలాసార్లు ఊపిన తలే,
ఆ సాయంత్రం బరువెక్కింది.

పూర్ణో కూచున్నాడు.
ఖాళీ చిప్ప రెండు చేతులా పట్టుకుని
ఏమీ లేనిది ఎత్తి, ఏమీ లేనిది మింగి
కింద పెట్టి మూడు చప్పట్లు కొట్టాడు,
సూదులు గుచ్చే ఎడమచేతిని కదపకుండా
కుడిచేతిని దానిమీదికి తెచ్చి.
ఎవరమూ నవ్వలేదు. నోళ్ళు అప్పటికే కూచున్నాయి కదా.

వెళ్ళేటప్పుడు చిప్ప వదల్లేదు.
"అరలీటరంటే ఇలాటివి ఎన్ని సిప్పలమ్మా?"

సంచిలోంచి కొలగ్లాసు తీసి
కేను కిందే కొలిచి పోశాను, చీకట్లో, ఫోను వెలుగులో.
నాలుగు.
ఇంకో గుక్క.

"గుక్క కూడానా" అన్నాడు పూర్ణో,
ఎవరో ఎక్కువ పోసినట్టు.